ఉలికి, చిత్రికకి ఏ సానరాయి కొనాలి?

బాల్కనీ_వడ్రంగం (మియాపూర్) · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా శని, ఆదివారాల్లో బాల్కనీలో కొయ్యపని నేర్చుకుంటున్నాను. ఊళ్లో మా తాతగారి పెంకుటిల్లు తీసేసినప్పుడు టేకు ద్వారబంధం ఒకటి తెచ్చి దాచుకున్నాను. దానితో అమ్మకి చిన్న దేవుడి మందిరం చెయ్యాలని కోరిక. నాలుగు ఉలులు, 4వ నంబరు ఇనప చిత్రిక, హార్డ్‌వేర్ షాపులో కొన్న రెండు వైపుల బూడిదరంగు సానరాయి ఉన్నాయి.

అరగంట నూరినా ఉలి తెగడం లేదు. కర్ర పొడుగునా తోస్తే ఫర్వాలేదు కానీ, కొస వైపు పెడితే కొయ్యదు, చిదిమేస్తుంది. వీడియోలు చూస్తే ఒకరు జపాన్ రాళ్లంటారు, ఒకరు డైమండ్ ప్లేటంటారు, ఇంకొకరు ఆయిల్ స్టోన్ అంటారు. చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. 5,000 రూపాయల దాకా పెట్టగలను. ఒకసారే కొని, ఏళ్ల తరబడి వాడుకోవాలి. ఏది తీసుకోమంటారు?

గోదారి_ఉలి (రాజమహేంద్రవరం) · శనివారం, రాత్రి 10:15

బాబూ, కొత్తది కొనే ముందు ఉన్న రాయిని ఒకసారి చూడండి. రెండు పనులు చెయ్యండి.

ఒకటి, స్టీలు స్కేలు తీసుకుని దాని సన్నటి అంచు రాయి మీద నిలువుగా ఆనించి, కిటికీ వైపు పెట్టి చూడండి. మధ్యలో వెలుతురు కనిపిస్తే ఆ రాయి గుంట పడింది. రెండు, ఉలి వాలు ముఖానికి మార్కర్ పెన్ను పూసి, నాలుగుసార్లు నూరి చూడండి. సిరా ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతోంది. చివరి అంచున సిరా అలాగే ఉంటే, మీరు అరగంట కాదు, అరరోజు నూరినా పదును రాదు.

మాది వడ్రంగం వృత్తిగా ఉన్న ఇల్లు. నేను పని పట్టి 28 ఏళ్లయింది. మా నాన్నగారు కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి వారం ఉలి ఇచ్చేవారు కాదు, రాయి ఇచ్చేవారు. "దీన్ని చదును చెయ్యి" అని. అప్పుడు నాకు కోపం వచ్చేది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేనూ అదే ఇస్తున్నాను.

ఎన్నారై_కొయ్య (డల్లాస్) · శనివారం, రాత్రి 11:50

గోదారి గారి మాట ముందు పాటించండి. నా అనుభవం కూడా చెప్తాను.

నేను మొదట కింగ్ కంపెనీ 1000/6000 జోడు రాయి కొన్నాను (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు). జపాన్ నీటి రాళ్లలో కొత్తవాళ్లు ఎక్కువగా మొదలుపెట్టేది దానితోనే. చాలా బాగా కోస్తుంది. మెత్తటి రాయి కాబట్టి పాత రేణువులు రాలిపోయి కొత్తవి బయటికొస్తూ ఉంటాయి, ఆ బురదే నూరుతుంది. కానీ వాడే ముందు 1000 వైపు పది పదిహేను నిమిషాలు నీళ్లలో నానాలి. పైగా అంత మెత్తగా ఉండటం వల్లే తొందరగా గుంట పడుతుంది. సన్నటి ఉలి ఒకేచోట రుద్దితే ఒక్క పూటలో గాడి కనిపిస్తుంది.

తర్వాత షాప్టన్ అనే ఇంకో జపాన్ కంపెనీవి 1000, 5000, 8000 తీసుకున్నాను. ఇవి నానబెట్టక్కర్లేదు, నీళ్లు చిలకరిస్తే చాలు. గట్టివి, నెమ్మదిగా అరుగుతాయి. ఆఫీసు నుంచి వచ్చాక గంటే దొరికే నాలాంటివాళ్లకి ఆ నానబెట్టే సమయం మిగలడం చిన్న విషయం కాదు. మూడూ కలిపి మీ బడ్జెట్ దాటిపోతాయి. 1000 ఒక్కటి, ఆఖరి మెరుగుకి తోలు పట్టీ పెట్టుకుంటే ఎన్నో ఏళ్లు నడుస్తుంది.

రందా_అన్న (కరీంనగర్) · ఆదివారం, ఉదయం 7:05

తమ్మీ, నేను సైట్ల మీద తలుపులు, కబోర్డులు చేసేటోన్ని. మా దిక్కు చిత్రికను రందా అంటం. సైటు మీద నీళ్లబకెట్టు, రాయి నానబెట్టుడు కుదరదు. నాలుగేండ్ల నుంచి డైమండ్ ప్లేటే వాడుతున్న. ఒకవైపు 400, ఒకవైపు 1000. నాలుగు చుక్కల నీళ్లు, రెండు నిమిషాలు, పని అయిపోతది. అది గుంట పడదు, కిందపడినా పగలదు. నా బ్యాగులో మూడు రాళ్లు పగిలినయి, ప్లేటు ఒక్కటి కూడ పగల్లేదు.

అయితే ఒక్కటి యాది పెట్టుకో. చౌకది కొనకు. ఆన్‌లైన్ల చూసి మూడొందలకు ఒకటి తెచ్చిన. స్కేలు పెడితే మధ్యల ఉబ్బి ఉన్నది. నెల తిరిగేసరికి మూలల దగ్గర రేణువులు రాలి ఉత్త రేకు తేలింది. మంచి కంపెనీది పైసలు ఎక్కువే కానీ ఒక్కటే సార్ల కొంటవు. కొత్తగ ఉన్నప్పుడు ప్లేటు గీతలు లోతుగ పడతయి. కొన్ని దినాలు వాడినంక సదురుకుంటది. కొత్త ప్లేటు చూసి ఇది మంచిది కాదని పారెయ్యకు. గట్టిగ ఒత్తకు, ఒత్తితే రేణువులే ఊడిపోతయి.

ఉక్కు_లెక్క (విశాఖపట్నం) · ఆదివారం, ఉదయం 9:30

ఈ చర్చలో నంబర్ల దగ్గర గందరగోళం రావచ్చు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నేను లోహాల వైపు పనిచేస్తాను.

రాయి మీది 1000, వాటర్ పేపర్ మీది 1000 ఒకటి కావు. షాప్టన్ వాళ్ల లెక్కలో 1000 అంటే రేణువు సుమారు 14.7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 8000 అంటే సుమారు 1.8. వాటర్ పేపర్ మీద ముందు "పి" అక్షరం ఉంటే అది యూరప్ కొలత. దానిలో పి 1000 అంటే సుమారు 18 మైక్రాన్లు, పి 2000 అంటే సుమారు 10. అంటే షాపులో దొరికే నునుపైన పి 2000 కాగితం జపాన్ 1000 రాయి కన్నా కొంచెమే నునుపు. "2000 దాకా నూరాను, ఇంకా అద్దంలా మెరవదేమిటి" అని చాలామంది బాధపడేది ఇందుకే. డైమండ్ ప్లేట్ల లెక్క మళ్లీ వేరు. డీఎంటీ అనే కంపెనీ ప్లేట్లకి రంగు గుర్తులుంటాయి: నీలం 45, ఎరుపు 25, ఆకుపచ్చ 9 మైక్రాన్లు. ఏది కొన్నా మైక్రాన్లలో పోల్చుకోండి, మోసం ఉండదు.

ఇక మీ బూడిదరంగు రాయి. అది సిలికాన్ కార్బైడ్ అయి ఉంటుంది. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కృత్రిమ వజ్రాల కోసం ప్రయత్నిస్తుంటే ఇది చేతికొచ్చింది. ఆయన పెట్టిన పేరే కార్బొరండం. మన దగ్గర 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ పెట్టినప్పటి నుంచి వడ్రంగుల చేతుల్లో ఎక్కువగా తిరిగేది ఈ రకమే. త్వరగా కోస్తుంది, కానీ ఆ "నునుపు" వైపు కూడా నిజానికి గరుకే. రెండో రకం అల్యూమినియం ఆక్సైడ్. ప్రకృతిలో దొరికితే దాన్నే మనం కురువిందం అంటాం, ఖమ్మం వైపు భూమిలో ఉంది. నార్టన్ వాళ్ల "ఇండియా" రాళ్లు ఈ రకానివే. కార్బొరండం కన్నా నెమ్మదిగా కోస్తాయి, అంచు నునుపుగా వస్తుంది.

మామూలు కార్బన్ స్టీలు ఉలికి వీటిలో ఏదైనా చాలు. హైస్పీడ్ స్టీలు లాంటి గట్టి బ్లేడుల మీద సహజ రాళ్లు జారిపోతాయి. వాటికి డైమండ్ నిజంగా తేడా చూపిస్తుంది.

బాల్కనీ_వడ్రంగం (మియాపూర్) · ఆదివారం, మధ్యాహ్నం 1:20

గోదారి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. స్కేలు కింద మధ్యలో రెండు ఏటీఎం కార్డులు కలిపి దూరాయి! షాపులో పాత స్టాకేమో, లేకపోతే నేనే ఇలా చేశానేమో తెలియదు. మార్కర్ పూసి చూస్తే సిరా వాలు మధ్యలో పోయింది, చివర ఒక మిల్లీమీటరు మేర నల్లగా అలాగే ఉంది. ఇన్నాళ్లూ నా ఉలి అంచుకి రాయే తగల్లేదన్నమాట.

ఈ రాయిని బాగుచెయ్యొచ్చా? లేక పారేసి కొత్తది కొనాలా?

గోదారి_ఉలి (రాజమహేంద్రవరం) · ఆదివారం, మధ్యాహ్నం 2:00

పారెయ్యకండి. మేడ మీద సిమెంటు గచ్చు ఉంటే దాని మీద గుప్పెడు జల్లించిన ఇసుక, నీళ్లు వేసి రాయిని బోర్లించి రుద్దండి. ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పండి. ఒకేవైపు తోస్తే ఒక పక్క వాలిపోతుంది. మొదలుపెట్టే ముందు రాయి మీద పెన్సిల్‌తో అడ్డంగా, నిలువుగా గళ్లు గియ్యండి. గళ్లు ఎక్కడ మిగిలాయో అక్కడ ఇంకా గుంట ఉన్నట్టు. అన్నీ చెరిగాక మళ్లీ గీసి మళ్లీ రుద్దండి. రెండోసారి అన్నీ ఒక్కసారే చెరిగితే చదునైనట్టు. మీది రెండు కార్డుల లోతు కాబట్టి గంట పట్టొచ్చు, విసుగు పడొద్దు. రుద్దే శబ్దం మారుతుంది, వినండి. మొదట బరబరమంటుంది, చదును కొచ్చేకొద్దీ సర్రుమని ఒకేలా వస్తుంది, చేతికి రాయి నేలని పీల్చినట్టు అనిపిస్తుంది.

తర్వాత ఉలి వీపు, అంటే వాలుకి వెనక ఉండే చదును ముఖం. వాలు వైపు మాత్రమే నూరి, వీపుని వదిలేసేవాళ్లు చాలామంది. అంచు అంటే రెండు ముఖాలు కలిసే గీత. ఒక ముఖం గరుకుగా ఉంటే గీత ఎలా నిలుస్తుంది? వీపు మొత్తం అక్కర్లేదు, చివరి అంగుళం చాలు. పూర్తిగా ఆనించి నూరండి, పిడి ఏమాత్రం లేపొద్దు. ఉలికి ఇది జన్మకొకసారి చేసే పని, అందుకే ఓపికగా చెయ్యండి.

ఎన్నారై_కొయ్య (డల్లాస్) · ఆదివారం, మధ్యాహ్నం 2:35

చిత్రిక బ్లేడుకైతే ఒక దగ్గరి దారి ఉంది. బ్రిటన్‌లో డేవిడ్ చార్ల్స్‌వర్త్ అనే కొయ్యపని గురువు ప్రచారంలోకి తెచ్చారు. అర మిల్లీమీటరు మందం స్టీలు స్కేలుని నునుపు రాయి మీద ఒక పక్కన పెట్టి, బ్లేడు వీపుని దాని మీద ఆనించి, కొసని మాత్రం రాయి మీద నూరతారు. చివరి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే మెరుగెక్కుతుంది, అది చాలు. ఉలికి మాత్రం ఇది చెయ్యకండి. ఉలి వీపు కర్ర మీద చదునుగా ఆని దారి చూపించాలి.

పొణికి_బొమ్మ (విజయవాడ) · ఆదివారం, సాయంత్రం 5:10

నేను చెక్కడం పని చేస్తాను, కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి మీదే ఎక్కువ. ఒక మాట చెప్పాలి. గట్టి కర్రకే మంచి పదును కావాలని అనుకుంటారు. నిజం దానికి తలకిందులు. టేకు, మద్ది లాంటివి కొంచెం మొద్దు ఉలికి కూడా ఎదురు నిలిచి తెగుతాయి. పొణికి నిలబడదు, నలిగిపోతుంది. బొమ్మ బుగ్గ దగ్గర ఉలి లాగితే తెగిన చోట మైనంలా మెరవాలి. కాస్త మొద్దుబారినా అక్కడ తెల్లటి పీచు లేస్తుంది, దాని మీద రంగు వేస్తే మచ్చలా కనిపిస్తుంది. అందుకే ఆఖరి మెరుగు విషయంలో నేను రాజీపడను.

నా దగ్గర ఖరీదైన రాళ్లేమీ లేవు. చదునైన 1000 రాయి ఒకటి, దాని తర్వాత తోలు. పాత లెదర్ బెల్టు ముక్కని చెక్కకి అంటించి, ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ మెరుగు మైనం రుద్దాను. ఉలిని ఎప్పుడూ వెనక్కే లాగాలి, ముందుకి తోస్తే తోలు తెగుతుంది. పది లాగుళ్లు ఇటు, పది అటు. పనిలో ప్రతి ఇరవై నిమిషాలకీ ఇది చేస్తే రాయి దగ్గరికి వారానికి ఒకసారి వెళ్తే చాలు.

గుండ్రటి ఉలులున్నవాళ్లకి: లోపలి వంపుకి చదును రాయి పనికిరాదు. సరిపడా మందం ఉన్న గుండ్రటి కర్రకి వాటర్ పేపర్ చుట్టి వాడుతున్నాను, తర్వాత అదే కర్రకి తోలు.

రందా_అన్న (కరీంనగర్) · ఆదివారం, రాత్రి 8:15

అక్కా, తోలు సంగతి మంచిగ చెప్పినవు. నేను సైటు మీద అరచేతికి రుద్దేటోన్ని, ఇప్పటి నుంచి బెల్టు ముక్క పెట్టుకుంట.

తమ్మీకి ఇంకో మాట. రాయి మీద కొబ్బరినూనె, మంచినూనె పొయ్యకు. మా మేస్త్రి ఒకాయన పోసిండు. నెలకు అది జిగురు లెక్క గట్టిపడి రాయి మూసుకపోయింది, ఉలి జారుడే తప్ప కోసుడు లేదు. కుట్టుమిషన్ నూనె, లేకపోతే దాన్ల కొంచెం కిరోసిన్ కలిపి వాడాలె.

ఉక్కు_లెక్క (విశాఖపట్నం) · ఆదివారం, రాత్రి 8:50

నిజం. చాలా వంటనూనెలు గాలి తగిలి గడ్డకడతాయి, మినరల్ ఆయిల్ కట్టదు. నూనె పోసిన రాయికి మళ్లీ నీళ్లు పొయ్యకండి, నీటి రాయికి ఎప్పుడూ నూనె పొయ్యకండి. మా సముద్రపు గాలికి నీళ్లతో నూరిన ఉలి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి చుక్కలు తేలతాయి. నూరాక గుడ్డతో తుడిచి, మిషన్ నూనె చేతివేలితో పుయ్యండి.

గ్రైండర్ మీద వాలు దిద్దేటప్పుడు అంచు నీలం రంగుకి తిరిగితే ఆ మేరకు పదును నిలవదు. నీలం వచ్చిందంటే సుమారు 300 డిగ్రీలు దాటినట్టు. ఉలికి పట్టించిన కాఠిన్యం అక్కడ పోతుంది. ఆ నీలం ఉన్నంత మేర రాయి మీద అరగదీసి తీసెయ్యడం ఒక్కటే మార్గం.

బాల్కనీ_వడ్రంగం (మియాపూర్) · తర్వాతి శనివారం, సాయంత్రం 6:00

వారం ఏం చేశానో చెప్తాను.

మేడ మీద ఇసుక వేసి రుద్దాను. గంటన్నర పట్టింది. గళ్లు రెండోసారి ఒక్కసారే చెరిగాయి. రాయి చదునయ్యాక ఉలి వీపు, తర్వాత వాలు. కోణం చేతితో నిలవలేదు కాబట్టి చక్రం ఉన్న చిన్న గైడ్ ఒకటి కొన్నాను. ఉలి 40 మి.మీ. బయటికి పెడితే 25 డిగ్రీలు, 30 మి.మీ. పెడితే 30 డిగ్రీలని దాని పక్కనే రాసి ఉంది. చిత్రిక బ్లేడుకైతే 50, 38 మి.మీ. కొలిచే పని ప్రతిసారీ లేకుండా చెక్క మీద రెండు ఆపులు మేకులతో కొట్టుకున్నాను.

గ్రానైట్ షాపులో పాలిష్ చేసిన నల్ల ముక్క ఒకటి అడిగితే డబ్బులు తీసుకోకుండా ఇచ్చారు, చీమకుర్తి గెలాక్సీ రాయట. దాని మీద నీళ్లతో పి 2000 కాగితం అంటించి ఆఖరి నూరుడు, తర్వాత బెల్టు తోలు. మొత్తం ఖర్చు వెయ్యి రూపాయలు కూడా కాలేదు.

మొదటిసారి వేలిగోరుని ఉలి వీపు వైపు అంచు దాకా మెల్లగా లాగినప్పుడు సన్నటి గరుకు తగిలింది. కుడి మూల నుంచి ఎడమ మూల దాకా ఒకేలా. అప్పుడు అర్థమైంది, అంచు దాకా రాయి చేరిందని. టేకు కొస మీద పెట్టి చేత్తో తోస్తే పొడి రాలేదు, సన్నటి పొర లేచింది! కోసిన చోట చెయ్యి పెడితే గాజులా ఉంది. అమ్మని పిలిచి చూపించాను.

గోదారి_ఉలి (రాజమహేంద్రవరం) · శనివారం, రాత్రి 7:30

చాలా సంతోషం బాబూ. ఆ గరుకు ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకేలా తగలడమే అసలు గుర్తు. అది రాకముందు నునుపు రాయికి వెళ్లొద్దు, వచ్చాక గరుకు రాయి మీద ఇంకా రుద్దొద్దు. ఇప్పుడు డబ్బు మిగిలింది కాబట్టి తొందరపడకుండా మంచి 1000 రాయి గానీ, రందా అన్న చెప్పిన మంచి ప్లేటు గానీ తీసుకోండి. కాగితాలు పదేపదే కొంటే ఏడాదిలో రాయి ఖరీదు దాటిపోతాయి. నన్నడిగితే ఇంట్లో చేసే పనికి రాయి. చేతికి తెలిసేంత కబురు ప్లేటు చెప్పదు.

రందా_అన్న (కరీంనగర్) · శనివారం, రాత్రి 8:00

పెద్దాయన మాట కాదనను గానీ, ఆ రాయిని సుత దిద్దాలంటే మళ్ల ప్లేటే కావాలె కదా. గచ్చు మీద గంటన్నర రుద్దిండు పాపం. ప్లేటుంటే నీటి రాయి అయిదు నిమిషాలల్ల చదునైతది. నేనైతే ముందు ప్లేటే కొనమంట.

గోదారి_ఉలి (రాజమహేంద్రవరం) · శనివారం, రాత్రి 8:20

అది ఒప్పుకుంటాను. రాయి దిద్దడానికి ప్లేటుని మించింది లేదు. ముందు ప్లేటు, ఆరు నెలలాగి రాయి. ఆ వరసే మంచిది.

బాల్కనీ_వడ్రంగం (మియాపూర్) · ఆదివారం, ఉదయం 11:10

ఇంకో సందేహం. నిన్న అంత బాగా తెగిన 18 మి.మీ. ఉలి ఈరోజు పొద్దున ద్వారబంధంలో ఒక గాడి తీస్తుంటే టక్కుమంది. చూస్తే అంచు మధ్యలో చిన్న అర్ధచంద్రంలా పెచ్చు ఊడింది. 30 డిగ్రీలకే నూరాను, కొడతితో గట్టిగా కొట్టలేదు. టేకులో సిలికా ఉంటుందని చదివాను, అదే కారణమా? లేక ఉలి స్టీలు మంచిది కాదా?

ఉక్కు_లెక్క (విశాఖపట్నం) · ఆదివారం, ఉదయం 11:40

టేకులో సిలికా ఉన్న మాట నిజమే, కానీ దానివల్ల అంచు మెల్లగా మొద్దుబారుతుంది. ఒక్క దెబ్బకి పెచ్చు ఊడదు. ఏదో గట్టిది తగిలింది.

గోదారి_ఉలి (రాజమహేంద్రవరం) · ఆదివారం, మధ్యాహ్నం 12:05

పాత ద్వారబంధం అన్నారు కదా. గుమ్మానికి తోరణం కట్టడానికి ఇంట్లోవాళ్లు ఏటేటా కొత్త మేకులు కొడతారు. పాతవి తల విరిగి లోపలే ఉండిపోతాయి, పైన రంగు కప్పేస్తుంది. గాడి తీసిన చోట కర్ర నల్లగా మారిందేమో చూడండి, ఇనుము ఉంటే టేకు నల్లబడుతుంది. పాత స్పీకరు అయస్కాంతం ఏదైనా ఉంటే కర్ర అంతా మెల్లగా జరుపుతూ వెళ్లండి. ఉలి మాత్రం పెచ్చు పోయేదాకా గరుకు వైపు నిలువుగా రుద్ది, మళ్లీ 25 డిగ్రీల నుంచి మొదలుపెట్టండి.

బాల్కనీ_వడ్రంగం (మియాపూర్) · ఆదివారం, మధ్యాహ్నం 3:30

నల్ల మచ్చ ఉంది. అయస్కాంతం జరుపుతుంటే మూడు చోట్ల అంటుకుంది. మూడూ ఒకే వరసలో, పై గుమ్మం మధ్యలో. నానమ్మ మామిడాకులు కట్టిన చోటు అదే. పటకారుతో రెండు మేకులు తీశాను, మూడోది ఇంకా లోపలుంది.